ఎడమ గడి, కుడి గడి

వెస్ట్ కార్బన్, పెన్సిల్వేనియా
బుధవారం, 29 అక్టోబర్ 1975

చిరంజీవి రోజలీకి, అమ్మమ్మ ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, మిలాన్ తాతా, పిల్లీ కులాసాగానే ఉన్నాం. అలాస్కా మంచులో నువ్వు కూడా కులాసాగానే ఉన్నావని నాకై నేనే అనుకోవాలి, ఎందుకంటే నీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. తేదీ కూడా లేదు. తపాలా ముద్ర చూసి పదకొండో తారీఖున వేశావని తెలుసుకున్నాను. పైపులైను క్యాంపులో నాలుగువందల మందికి వండి వార్చేదానికి తేదీ వెయ్యడానికి తీరిక ఉండదా?

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. నా మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. చలి ఆపే రెండో అద్దాలు కిటికీలకు బిగించడం అయింది, వంటింటిది తప్ప. దాని కొలత నా తమ్ముడు మిలాన్ తప్పుగా తీశాడు. మీ క్యాంపు వాళ్లకు క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి వండిపెట్టావని రాశావు, సంతోషం. ఆకుల్ని ముందు ఉప్పునీళ్లలో ఉడకబెట్టావా? రాయలేదు. మూడో ప్రశ్న, మన స్కూలు ఫుట్‌బాల్ ఆటల్లో మిలాన్ తాత నీ స్థానంలో కూర్చుని దుర్భిణిలో చూసి, నేను పుస్తకంలో లెక్క రాసుకోడానికి ఆట సరిగ్గా చెప్తున్నాడా అని. దానికి కొంచెం ఆగి జవాబిస్తాను.

నాలుగోది నువ్వు రెండు సార్లు గీత గీసి మరీ అడిగావు. “కొత్తగా వచ్చిన ఇద్దరు రిసీవర్లు మన ఆటకు సరిపోతారా, లేదా? పెట్రాకిస్ దుకాణంలో ఏమంటున్నారు?”

ఏమంటున్నారో రాయగలను. సరిపోతారో లేదో మాత్రం, నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు, ఇవాళ్టికీ తెలియదు.

నువ్వు వెళ్లాక జరిగింది ఇది. నది అవతల స్లేట్ హాలో హైస్కూలు మూతపడి, ఆ పిల్లలు మన స్కూల్లో చేరారు. వాళ్లలో వెర్నన్ టిబ్స్, డేల్ కృపా అని ఇద్దరు, విసిరిన బంతిని పరిగెత్తి పట్టే రిసీవర్లు. ఇద్దరూ పొడుగే, ఇద్దరూ సన్నమే. హెల్మెట్ పెట్టుకుని బురదలో దొర్లాక కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. మన కొత్త కోచ్ రే డాబ్సన్ (నా దగ్గర రేఖాగణితంలో అరవై ఒకటి తెచ్చుకున్నవాడు) వాళ్లిద్దర్నీ మైదానానికి చెరో అంచున నిలబెట్టి, దూరంగా బంతి విసిరించడం మొదలుపెట్టాడు. మన ఊరి సంగతి నీకు తెలుసు. బంతిని చంకలో పెట్టుకుని తల వంచి గుంపులోకి దూరడమే మనకు ఆట. పాత కోచ్ ఆటకు నాలుగు సార్లు విసిరిస్తే ఎక్కువ. రే పదిహేను, ఇరవై సార్లు విసిరిస్తాడు. ఊరికి ఊరే తల పట్టుకుంది.

ఇందులో ఒక కుర్రాడి భవిష్యత్తు ఉందని మొదటే చెప్పాలి. టిబ్స్ కుర్రాడు చదువులో కూడా గట్టివాడు. తండ్రి లేడు. తల్లి ఆలివ్ ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిచేస్తుంది. ఒహాయోలో ఒక కాలేజీ అతని మీద కన్నేసింది. ఆడి మెప్పిస్తే చదువు, తిండి, బస అంతా వాళ్లదే. లేకపోతే జూన్ నుంచి ఉక్కు మిల్లు. ఆ కాలేజీ తరఫున ఒకాయన అక్టోబర్ ఇరవైనాలుగున మన ఆట చూడడానికి వస్తానన్నాడు.

ఇక దుకాణం సంగతి. శనివారం ఉదయం డోనట్లు కొనడానికి నేను వెళ్లేసరికి అందరూ ఉంటారు. మిల్లులో మేస్త్రీ, మన అభిమానుల సంఘం అధ్యక్షుడు హెరాల్డ్ స్టంప్ కౌంటర్ చివర కూర్చుని పేపరు పరిచి దాని మీద చేత్తో కొడుతూ ఉంటాడు. గస్ పెట్రాకిస్ కాఫీ పోస్తూ అతన్ని రెచ్చగొడుతూ ఉంటాడు. సెప్టెంబర్ చివరి శనివారం నేను విన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఏడు! ముప్ఫై ఒక్కసారి విసిరితే ఏడు పట్టాడు!” అని టిబ్స్ గురించి హెరాల్డ్. కాదు, తప్పు రాశాను. ఆ అంకెలు అక్టోబర్ పద్ధెనిమిదివి. సెప్టెంబర్ చివరికి పదిహేనుకి మూడు. “పదిహేనుకి మూడు! మా ఆవిడ వెన్న రాసుకున్న చేతుల్తో అంతకంటే ఎక్కువ పడుతుంది!”

“మీ ఆవిడ నిన్ను పట్టుకుంది కదా, ఆ చేతి సంగతి అప్పుడే తెలిసింది,” అన్నాడు గస్.

“నవ్వకురా. ఆ డేల్ ఉన్నాడు చూడు, వాడు మనకు సరిపోతాడు. ఈ టిబ్స్ వద్దు. నది అవతలికి పంపించెయ్యాలి.”

“ఇద్దరూ నది అవతలివాళ్లే కదరా!”

“డేల్ ఇవతలివాడిలా పట్టుకుంటాడు.”

గస్ కాఫీ కూజా కింద పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. “ఒక్క మాట చెప్తాను, కొట్టకు. నిన్న చివర్లో మూలన పట్టింది టిబ్స్ అని నేను ఒట్టేస్తాను. నా కళ్లతో చూశాను.”

దుకాణం అంతా నా వైపు తిరిగింది. నేను సంచిలోంచి ఆటల లెక్క పుస్తకం తీసి పేజీ తిప్పి చూశాను. “అది డేల్ కృపా, గస్. పద్నాలుగు గజాలు.”

“అయితే నా కళ్లే పాడయ్యాయి, టీచర్ గారూ,” అన్నాడు గస్. “అద్దాలు మార్పించాలి.”

వాడు నిజంగానే వెళ్లి కళ్లద్దాలు మార్పించుకున్నాడు, రోజలీ. పెద్దవి, నల్ల ఫ్రేమువి. అవి పెట్టుకున్నాక కూడా తర్వాతి శనివారం అదే మాట అన్నాడు. నేను పుస్తకం చూసి అదే జవాబు చెప్పాను. ఇలా నాలుగు వారాలు. నాకూ అయోమయంగానే ఉండేది. ఇంతమంది ఒకటే రకంగా పొరపాటు పడతారా? ఇంటికొచ్చి మళ్లీ కూడేదాన్ని. నాలుగో వారానికి పట్టినవి మొత్తం ముప్ఫై. డేల్‌ది ఎడమ గడి, అందులో ఇరవైమూడు; టిబ్స్‌ది కుడి గడి, అందులో ఏడు. గజాలు కూడా జట్టు మొత్తానికి సరిపోయేవి. మొత్తం సరిపోయాక అనుమానం దేనికని కలం మూసేదాన్ని. మొత్తం సరిపోతే ఊరికే భయపడకండని నా తరగతిలో ఎంతమందికి చెప్పానో!

డేల్ కృపా కూడా ఒకసారి దుకాణానికి వచ్చాడట. “ఆ బంతులన్నీ నేను పట్టలేదండీ, సగం పైగా వెర్నన్‌వి,” అన్నాడట. హెరాల్డ్ లేచి నిలబడి వాడి వీపు తట్టి, “చూశారా, ఎంత వినయమో! ఇదీ మన జట్టుకు కావలసిన లక్షణం!” అని వాడికి రెండు డోనట్లు ఇప్పించాడట. ఇది గస్ చెప్పాడు. అప్పుడు అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

కోచ్ రే కూడా ఒక రోజు స్కూలు మెట్ల దగ్గర నన్ను ఆపాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ, “టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. ప్రాక్టీసులో వెర్నన్‌దే మంచి చెయ్యి. ఆటలో కూడా వాడే పట్టుకుంటున్నట్టు నాకు అనిపిస్తుంది. మీ పుస్తకం ఇంకోలా...” అన్నాడు.

“అనిపించడం వేరు, రే. మొత్తం సరిపోయింది,” అన్నాను.

“సరేనండి,” అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, సరేనండి అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. స్కూల్లో ఆట సినిమా తీసే కెమెరా పోయినేడే చెడిపోయింది, బోర్డు కొత్తది కొననంది. అందుకని నా పుస్తకం తప్ప వేరే సాక్ష్యం లేదు. జిల్లా పేపరు వాడు నా అంకెలే అచ్చు వేస్తాడు. కాలేజీ వాళ్లకు వెళ్లేవీ అవే.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. మిలాన్ తాత సరిగ్గా చెప్తున్నాడా?

సరిగ్గానే చెప్పాడు. ఒక్క తప్పు కూడా చెప్పలేదు. నేనూ ఒక్కటి కూడా తప్పు రాయలేదు. ఇది చదివి నీకేమీ అర్థం కాకపోతే నీ తప్పు లేదు, నాకే అర్థం కావడానికి ఏడు ఆటలు పట్టింది.

నువ్వు నా పక్కన కూర్చున్న రోజుల్లో, నువ్వు కుర్రాళ్లను పేరు పెట్టి పిలిచేదానివి. అందరూ నీతో చదివినవాళ్లు. మిలాన్‌కు వీళ్ల పేర్లు తెలియవు, బురద పట్టిన చొక్కాల మీది అంకెలు ఆ దుర్భిణిలో ఆనవు. అందుకని నువ్వు రాకముందు పదకొండేళ్లు ఎలా చెప్పాడో అలాగే చెప్పాడు. “ఎడమ, పట్టాడు, తొమ్మిది.” “కుడి, జారింది.” మన పాత ఆటలో ఎడమ అంచున నిలబడేవాడు నవంబర్ దాకా ఎడమ అంచునే నిలబడేవాడు. నా పుస్తకంలో గడులు కూడా అలాగే ఉంటాయి, ఎడమ, కుడి. సెప్టెంబర్ మొదటి వారం ఎడమ గడి మీద కృపా అని, కుడి గడి మీద టిబ్స్ అని పేర్లు రాసి పెట్టుకున్నాను.

రే ఆ ఇద్దర్నీ ప్రతి ఆటలోనూ అటూ ఇటూ మారుస్తున్నాడు.

అక్టోబర్ పందొమ్మిది, ఆదివారం, చర్చి నుంచి వచ్చి శుక్రవారం ఆట శుభ్రంగా ఎత్తి రాసుకుంటున్నాను. ఆ ఆటలో టిబ్స్ కుర్రాడికి చీలమండ బెణికింది. చివరి పావు ఆట అంతా కాలికి మంచు మూట కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. స్టేడియమంతా చూసింది, అతను కుంటుకుంటూ వెళ్తుంటే మనవాళ్లే కొందరు చప్పట్లు కొట్టారు, అదీ విన్నాను. నా పుస్తకంలో అదే చివరి పావులో టిబ్స్ ఒక బంతి పట్టి పదకొండు గజాలు పరిగెత్తాడు.

మిలాన్‌ను వంటింట్లోకి పిలిచాను.

“చివరి పావులో కుడి వైపు పట్టాడన్నావు. ఎవరు?”

“కుడివైపున్నవాడు,” అన్నాడు.

“ఎవరు ఆ కుడివైపున్నవాడు?”

“నాకేం తెలుసక్కా? కుడివైపు ఎవడుంటే వాడు. వాళ్లు పేకముక్కల్లా మారిపోతూనే ఉంటారు కదా.”

“మారిపోతారని నాకెందుకు చెప్పలేదు?”

“నీకు కనిపించడం లేదా? నువ్వూ అక్కడే కూర్చున్నావుగా!”

అప్పుడు తెలిసింది. బంతి విసిరే కుర్రాడిది ఎడమ చెయ్యి, ఎడమవైపే బాగా విసురుతాడు. అందుకని విసరాల్సి వచ్చినప్పుడల్లా రే వెర్నన్‌ను ఎడమకు పంపించాడు. అతను పట్టినవన్నీ డేల్ గడిలో పడ్డాయి. కుడివైపు డేల్ జార్చినవన్నీ వెర్నన్ గడిలో పడ్డాయి. మొత్తం మాత్రం సరిపోయింది.

“పద, రే ఇంటికి వెళ్లి చెప్పేద్దాం,” అని మిలాన్ కోటు తీశాడు.

రోజలీ, ఇంతవరకూ రాసింది వార్తలు. ఇప్పుడు రాయబోయేది చర్చిలో ఫాదర్ నోవాక్‌కు కూడా ఇంకా చెప్పలేదు.

మిలాన్‌ను కూర్చోమన్నాను. “ఎన్ని తప్పులో తేలకుండా ఏమని చెప్తాం? లెక్క పూర్తిగా సరిదిద్దాకే చెప్పాలి. అప్పటిదాకా నోరు విప్పకు,” అన్నాను. వినడానికి సబబుగానే ఉంది కదా? మిలాన్ కూడా నమ్మాడు. కానీ ఆ లెక్క సరిదిద్దడానికి రే ఏ విసురుకు ఎవర్ని ఎటు పంపాడో రాసుకున్న కాగితాలు కావాలి. కాగితాలు అడగాలంటే ఎందుకో చెప్పాలి. అంటే, చెప్పకుండా సరిదిద్దే దారే లేదు. ఆ సంగతి మిలాన్‌కు ఆ మాట చెప్తున్నప్పుడే నాకు తెలుసు.

సోమవారం చెప్పలేదు. మంగళవారం గస్ పేపరు చూపించి, “టీచర్ గారి పుస్తకమే లేకపోతే ఈ ఊళ్లో ఒకళ్ల గొంతు ఒకళ్లు కొరికేవాళ్లం,” అన్నాడు. చెప్పలేదు. బుధవారం హెరాల్డ్, సంఘం వాళ్లు ఆ అంకెలు పట్టుకుని రే దగ్గరికి వెళ్లారు. డేల్‌నే ముందు దించాలనీ, కాలేజీ ఆయన ముందు ఊరి పరువు తియ్యొద్దనీ పట్టుబట్టారట. రే కొత్తవాడు, ఉద్యోగం పర్మనెంటు కాలేదు. గురువారం కూడా నేను చెప్పలేదు.

శుక్రవారం కాలేజీ ఆయన వచ్చాడు. బూడిద రంగు టోపీ, మూడో వరస. టిబ్స్ కుర్రాడు మొదటి సగమంతా బెంచీ మీదున్నాడు. చీలమండ నయమైంది, కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. డేల్ భయంతో రెండు జార్చాడు. విరామంలో ఆయన లేచి కోటు గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన వెళ్లడం పైనుంచి నేను చూశాను. ఆ రోజు అరగంటపాటు నేను పుస్తకంలో ఏమీ రాయలేకపోయాను. మిలాన్ “ఎడమ, ఎడమ” అని చెప్తూనే ఉన్నాడు.

ఆదివారం రే ఇంటికి వెళ్లాను. అతని భార్య బల్ల తుడిచి చోటిచ్చింది. అతని కాగితాలూ నా పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని ఐదు గంటలు కూర్చున్నాం. మొదటి ఏడు ఆటల్లో వెర్నన్ పట్టినవి ఇరవై ఒకటి, డేల్ తొమ్మిది.  చివర్లో రే పెన్సిల్ కింద పెట్టి, “నేను చూశాను టీచర్ గారూ. చూసినదాన్ని నమ్మలేదు,” అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం ఉదయం కాలేజీ ఆయనకు సరిచేసిన పేజీలు, నా సంతకంతో ఉత్తరం పంపాను. తప్పు ఎవరిదో, తెలిశాక ఎన్నాళ్లు ఊరుకున్నానో రాశాను. పేపరు వాడికీ ఇచ్చాను. మంగళవారం దుకాణంలో నిలబడి అందరికీ చెప్పాను. గస్ మెల్లిగా ఆ నల్ల కళ్లద్దాలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. హెరాల్డ్ పేపరు చూసి, “అయితే... మనకు సరిపోయేది టిబ్సా?” అన్నాడు. వెంటనే నలుగురు “నేను మొదట్నుంచీ అంటున్నాను!” అని అందుకున్నారు. మొదట్నుంచీ అన్నవాడు గస్ ఒక్కడే, అతను కాఫీ కూజా అందుకున్నాడు. “అసలు ఇద్దర్నీ అలా మార్చడమేమిటి, అందుకే ఇదంతా,” అని ఇంకొకడు. మళ్లీ గోల మొదలైంది. ఇంకెవరూ పుస్తకం చూడమని నన్ను అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం సంగతి చివరికి ఉంచాను. వంతెన దాటి స్లేట్ హాలో వెళ్లాను, టిబ్స్ వాళ్లింటికి. ఆలివ్ పని నుంచి అప్పుడే వచ్చింది, చేతులు ఇంకా సబ్బుకు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. చెప్పాల్సింది అంతా చెప్పాను.

“మీకెప్పుడు తెలిసింది?” అంది.

“ఆదివారం. పందొమ్మిదిన.”

“ఆట శుక్రవారం.”

“అవును.”

“మీరు లెక్కల టీచరు కదా. ఎన్ని రోజులు?”

“ఐదు,” అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. నా కప్పు తీసుకుపోయి కడిగి బోర్లించింది. టీ ఇంకా సగం ఉంది అందులో.

కుర్రాడు మాత్రం పేజీలు చూస్తానన్నాడు. వేలుతో ఒక్కో వరసా చదివాడు. “ఇది వానలో పట్టింది... ఇది చేతివేళ్లకు తగిలి లేచి మళ్లీ పట్టింది...” అని తనలో తానే అనుకున్నాడు. తరవాత తలెత్తి, “నేనే పట్టానన్నమాట,” అన్నాడు.

“నీకు తెలియదా?”

“తెలుసండి. మొదట్లో తెలుసు. ప్రతి శనివారం పేపర్లో రెండు అనో, ఒకటి అనో ఉండేది. పుస్తకం తప్పు చెప్పదు అనేవారు అందరూ. మూడో వారం నుంచి, ఆట అయ్యాక పడుకుని లెక్కపెట్టుకునేవాణ్ణి. నాలుగు అనుకుంటే పేపర్లో ఒకటి ఉండేది. మిగతా మూడూ నేను ఊహించుకున్నానేమో అనుకున్నాను. అమ్మకు చెప్పలేదు. పిచ్చివాడినవుతున్నానేమోనని భయం వేసింది.”

అప్పుడతను, మర్యాదగానే, ఒక సంగతి అడిగాడు. “నాలుగో ఆటలో, మూలన, గీత దగ్గర ఒకటి పట్టాను. బయట పడ్డానని రిఫరీ ఒప్పుకోలేదు. నా రెండో కాలు లోపలే ఉంది. మీరు పైనుంచి చూశారు కదా, ఉందా లేదా?”

నేను చూడలేదు. మిలాన్ “కుడి, లేదు” అన్నాడు, నేను రాశాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా వరసల పైనున్న ఆ డబ్బా లాంటి గదిలో కూర్చుని తల వంచుకుని రాస్తూనే ఉన్నాను రోజలీ. బంతి గాలిలో ఉన్నప్పుడు నా కళ్లు ఎప్పుడూ గడి మీదే ఉండేవి. నీ ప్రశ్నకు జవాబు తెలియదని మొదట్లో రాశానే, అందుకే. ఆ కుర్రాళ్లు ఆడడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

“నాకు తెలియదు బాబూ,” అన్నాను. అతను తలూపాడు. ఆ జవాబు ఊరికంతా చెప్పవలసింది నేను సెప్టెంబర్‌లోనే.

కాలేజీ నుంచి ఇంకా జవాబు లేదు. వస్తుందో రాదో చెప్పలేను. ఎల్లుండి, ముప్ఫై ఒకటిన, మనకు ఆట ఉంది, వెర్నన్ మొదట్నుంచీ ఆడతాడు. పుస్తకం రే భార్యకు అప్పగించాను, గడుల మీద ఎడమ, కుడి కొట్టేసి కుర్రాళ్ల చొక్కా అంకెలు వేసుకోమన్నాను. నేను కింద వరసల్లో, ఖాళీ చేతులతో కూర్చుంటాను. కానీ బంతి విసరగానే ఎటు చూడాలో నాకు తెలియడం లేదు. బంతినా? విసిరేవాణ్ణా? అప్పటికే పరిగెడుతున్నవాణ్ణా? మిలాన్‌ను అడిగితే “అన్నీ చూడు” అంటాడు, అదెలా కుదురుతుంది? నువ్వు ఆరేళ్లు నా పక్కన కూర్చుని చూశావు. ఎటు చూడాలో రాయి. శుక్రవారానికి అందదని తెలుసు, అయినా రాయి. ఈసారి తేదీ వెయ్యి.

ఇట్లు,
నీ అమ్మమ్మ
అగ్నెస్ హుడాక్